చేపకు ప్రాణం, కత్తికి తుప్పు

పిల్లలూ! కుండలోని చల్లటి నీళ్ళు ఒక గాజు గ్లాసు నిండా పోసి, గంటసేపు ఎండలో ఉంచండి. గ్లాసు లోపలి గోడలకు సన్నటి బుడగలు అంటుకుని కనిపిస్తాయి. నీళ్ళు మరగలేదు కదా, మరి ఈ బుడగలు ఎక్కడివి? నీటిలో కరిగి ఉన్న గాలి, నీరు వేడెక్కేసరికి అందులో ఇమడలేక ఇలా బయటపడిందన్నమాట.

ఆ కరిగిన గాలిలోని ఆక్సిజన్‌తోనే నా రెండు సరదాలూ ముడిపడి ఉన్నాయి. ఒకటి గాజు తొట్టిలో రంగు చేపలు పెంచడం, రెండోది కమ్మరులు చేత్తో చేసిన కత్తులు సేకరించడం. "చేపలకీ కత్తులకీ ఏమిటండీ సంబంధం, మాస్టారూ?" అని మా తరగతి పిల్లలు నవ్వుతుంటారు. ఉంది మరి! ఆక్సిజన్ అందకపోతే చేప చస్తుంది. అందితే కత్తి చెడుతుంది.

ముందు చేప సంగతి చూద్దాం. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక లీటరు నీటిలో కరిగేది 9 మిల్లీగ్రాములు మాత్రమే. 30 డిగ్రీలకు చేరితే అదీ ఏడున్నరకు పడిపోతుంది. వేసవిలో చేపకు ఎంత కష్టమో ఊహించండి. నీరు వేడెక్కితే దాని శరీరానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీటిలో ఉండేదేమో తక్కువ!

చాలామంది పిల్లలు సంతలోనో తిరునాళ్ళలోనో రెండు చేపలు కొని, గుండ్రటి గాజు బుడ్డిలో మెడదాకా నీళ్ళు పోసి వదులుతారు. నీళ్ళు ఎక్కువుంటే చేపకు సుఖమని వారి ఉద్దేశం. ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. నీటిలోకి ఆక్సిజన్ చేరేది గాలిని తాకే పైభాగం నుంచే. బుడ్డి మూతి వ్యాసం 6 అంగుళాలయితే ఆ పైభాగం వైశాల్యం దాదాపు 28 చదరపు అంగుళాలు. అదే బుడ్డిలో సగం వరకే పోస్తే, నడుము దగ్గర వ్యాసం 10 అంగుళాలనుకుంటే, వైశాల్యం 78 చదరపు అంగుళాలు దాటుతుంది. నీళ్ళు తగ్గాయి, ఊపిరి పెరిగింది! రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు గల తొట్టి అయితే 288 చదరపు అంగుళాలు. అందుకే చేపలకు బుడ్డి వద్దు, తొట్టి కొనిపెట్టమని మీ నాన్నగారిని అడగండి.

తొట్టిలో బుడబుడమనే మోటారు చూసి, ఆ బుడగల్నే చేపలు పీలుస్తాయనుకుంటారేమో! బుడగల నుంచి నేరుగా నీటిలో కరిగేది కొద్దిగానే. అవి పైకి వస్తూ అడుగు నీటిని పైకి తెచ్చి, నీటి పైభాగాన్ని కదిలిస్తాయి. అసలు మేలు అదే.

తొట్టిలో మొక్కలుంటే పగలు ఆక్సిజన్ విడుదల చేస్తాయి, రాత్రి అవి కూడా పీల్చుకుంటాయి. కాబట్టి తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. భీమవరం, కైకలూరు ప్రాంతాల చెరువుల రైతులకు ఈ సంగతి బాగా తెలుసు. మబ్బు పట్టిన రోజు వాళ్ళకు నిద్ర ఉండదు. పగలు ఎండ లేక నాచు ఆక్సిజన్ తయారుచేయలేదు, తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అందుకే రాత్రిళ్ళు ఏరియేటర్లు తిప్పుతారు. మీ తొట్టిలో చేపలు పొద్దున్నే పైకి వచ్చి నోరు తెరుస్తుంటే ఆకలి అనుకుని మేత వేయకండి. మిగిలిన మేత కుళ్ళి, ఉన్న ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది.

"మరి బజారులో కొర్రమీను చారెడు నీళ్ళలో ఎలా బతుకుతుంది?" అంటారా? దానికి మొప్పలతోపాటు, నేరుగా గాలినే పీల్చే ఏర్పాటు తలలో వేరే ఉంది. గౌరామీలు కూడా అంతే.

ఇక కత్తి. పరీక్షనాళికలు మూడు తీసుకుని ఒక్కోదానిలో ఒక కొత్త మేకు వేయండి. మొదటిదానిలో మేకు సగం మునిగేలా మామూలు నీళ్ళు పోయండి. రెండోదానిలో బాగా మరగకాచి చల్లార్చిన నీళ్ళు మేకు మునిగేలా పోసి, పైన నూనె పొర వేయండి. మూడోదానిలో కాల్షియం క్లోరైడ్ వేసి బిరడా బిగించండి. కొద్దిరోజులకు మొదటి మేకు తుప్పు పడుతుంది. రెండోదానికి నీరుంది గాని ఆక్సిజన్ లేదు. మూడోదానికి గాలి ఉంది గాని తేమ లేదు. తుప్పుకు రెండూ కావాలి. రెండో నాళికలోని నీళ్ళలో చేప కూడా బతకదు!

మా ప్రాంతపు కమ్మరులు పాత లారీ కమాను పట్టీలను కొలిమిలో కాల్చి కత్తులు చేస్తారు. ఈ ఉక్కులో కార్బన్ అర శాతం పైచిలుకు ఉంటుంది. పదును చక్కగా నిలుస్తుంది, తుప్పూ త్వరగా పడుతుంది. తుప్పు పొలుసులుగా రాలి, లోపలి లోహాన్ని మళ్ళీ గాలికి వదులుతుంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాల కోసం ప్రయత్నిస్తూ సుమారు 13 శాతం క్రోమియం కలిపిన ఉక్కు తయారుచేశాడు. దాని మీద కంటికి కనిపించనంత పలుచని క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. అది రాలదు, ఆక్సిజన్‌ను లోపలికి రానివ్వదు. మీ ఇంటి స్టెయిన్‌లెస్ గిన్నెల రహస్యం అదే.

కమ్మరి కత్తికి ఆ రక్ష లేదు. అయితే పచ్చి అరటికాయ కోస్తే కత్తి నల్లబడటం చూశారు కదా? కాయలోని టానిన్లు ఇనుముతో కలిసి ఏర్పరచే నల్లటి పొర అది. తుప్పును కొంతవరకు ఆపుతుంది. అమ్మ దాన్ని పీచుతో తోమేస్తుంది. కత్తులు సేకరించే మేము మాత్రం తోమం! కత్తిని తోలు ఒరలో దాచం కూడా, తోలు తేమను పట్టి ఉంచుతుంది. పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క పలుచగా రాసి విడిగా ఉంచుతాం. (ఈ పని పెద్దవాళ్ళదే. మీరు మేకులతో సరిపెట్టుకోండి.)

నూనె రాసిన చేతిని మాత్రం బాగా కడిగి, సబ్బు కూడా పోయేదాకా నీళ్ళతో తొలిచిన తరువాతే చేపల తొట్టిలో పెట్టాలి. కత్తి మీద ఆక్సిజన్‌ను ఆపే ఆ నూనె పొరే, తొట్టి నీటిపై పరుచుకుంటే చేపకు అందవలసిన ఆక్సిజన్‌ను కూడా ఆపుతుంది.