పటం గీసే యంత్రానికి పనిముట్ల పరిచయం

ఉన్న ఊరికి దారి చెప్పడం తేలిక; లేని ఊరికి దారి గీయడం కష్టం. కల్పిత గాథలు రచించేవారు, ఆటలు రూపొందించేవారు ఈ కష్టమైన పనిని చాలాకాలంగా చేస్తూనే ఉన్నారు. ఆంగ్ల రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1937లో వెలువరించిన 'ది హాబిట్' నవలలో కథతోపాటు పటాలు కూడా చోటుచేసుకొన్నాయి. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' విషయంలో తాను ముందుగా పటం గీసుకొని, కథను దానికి తగినట్లు మలచుకొన్నానని ఆయన 1954లో ఒక లేఖలో పేర్కొన్నాడు. అదే సరైన పద్ధతి. ఒక పాత్ర ఎన్ని రోజులలో గమ్యం చేరగలదో తేల్చేది పటమే కదా! 1974లో అమెరికాలో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటను నడిపేవారు గళ్ళ కాగితంపై నేలమాళిగలను చేతితో గీసుకొనేవారు. 1980 నాటి 'రోగ్' అనే కంప్యూటర్ ఆట ఆ పనిని యంత్రానికి అప్పగించింది. ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ అందులో ఒక కొత్త నేలమాళిగ తయారయ్యేది.

నేటి ప్రోగ్రాములు ఏకంగా ఖండాలనే సృష్టిస్తున్నాయి. వాటిలో అనేకం అనుసరించే పద్ధతి ఇది. ముందుగా పటమంతటా వేలాది బిందువులను చల్లుతారు. ఏ చోటు ఏ బిందువుకు దగ్గరగా ఉంటే ఆ చోటును ఆ బిందువుకే చేరుస్తారు. ఊరిలో పది బావులున్నప్పుడు ప్రతి ఇంటివారూ తమకు దగ్గరి బావికే వెళ్ళడం వంటిది ఈ పంపకం. ఇట్లా ఏర్పడిన గదులను జార్జీ వొరొనోయి (1868–1908) అనే గణితవేత్త పేరుతో పిలుస్తారు. ప్రతి గదికీ ఒక ఎత్తును నిర్ణయిస్తే, సముద్రమట్టానికి దిగువన ఉన్నవి సముద్రమవుతాయి. నీరు ఎత్తు నుండి పల్లానికి పారుతుంది గనుక నదుల దారులు తేలుతాయి. ఆ తరువాతనే నగరాలు, సరిహద్దులు. ఈ వరుస తప్పితే నది కొండెక్కుతుంది.

ఇటీవలి కాలంలో ఈ పనిలోకి కృత్రిమ మేధ ప్రవేశించింది. "ఉత్తరాన మంచుకొండలు, వాటి పాదాన ఒక రేవు పట్టణం కావాలి" అని మామూలు మాటలలో కోరితే, 'ఏజెంట్' అనే ప్రోగ్రాం ఆ కోరికను చిన్న చిన్న పనులుగా విభజించి, ఒక్కొక్క పనికి తగిన సాఫ్ట్‌వేర్ పనిముట్టును ఎంచుకొంటుంది. ఎత్తులు నిర్ణయించడానికి ఒకటి, నదులు పారించడానికి ఒకటి, నగరాలు నిలపడానికి మరొకటి. 2024 నవంబరులో ఆంథ్రోపిక్ సంస్థ ప్రకటించిన 'మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్' వంటి పద్ధతులలో ప్రతి పనిముట్టుకూ పేరు, మాటలలో వివరణ, అది స్వీకరించే విలువల స్వరూపం జతచేస్తారు. ఎవరైనా పటాన్ని చిత్రంగా చూపితే తప్ప, ఏజెంటుకు ఆ లోకాన్ని గురించి తెలిసేది ఈ మాటల ద్వారా, పనిముట్లు తిరిగి ఇచ్చే జవాబుల ద్వారా మాత్రమే.

వివరణ పత్రాలు రాయడం కొత్త విద్య కాదు. 1971 నవంబరు 3వ తేదీతో వెలువడిన యూనిక్స్ కరదీపికలో ప్రతి ఆదేశానికీ వివరణ ఉంది. అయితే దానిని చదివినవాడు మనిషి. అర్థం కాని చోట పక్క గదిలోని మిత్రుణ్ణి అడిగేవాడు. ఒకసారి ప్రయోగించి చూసి దిద్దుకొనేవాడు. ఏజెంటుకు ఆ అవకాశాలు తక్కువ. వివరణలో ఖాళీ ఉంటే అది ఆగకుండా, తనకు తోచిన ఊహతో ఆ ఖాళీని పూరించి ముందుకు సాగవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. 'నగరం చేర్చు' అనే పనిముట్టుకు "ఇచ్చిన స్థానంలో నగరాన్ని చేర్చును" అని మాత్రమే వివరణ రాశారనుకొందాం. చదవడానికి లోపమేమీ కనిపించదు. కానీ స్థానాన్ని కొలిచేది ఎక్కడి నుండి? గణితంలో వై-అక్షంపై విలువ పెరిగినకొద్దీ పైకి పోతామని మీరు నేర్చుకొన్నారు. కంప్యూటర్ చిత్రాలలో సాధారణంగా లెక్క ఎడమవైపు పై మూలలో మొదలై, విలువ పెరిగినకొద్దీ కిందికి దిగుతుంది. కొన్ని ప్రోగ్రాములు మాత్రం కింది మూల నుండే లెక్కిస్తాయి. ఈ ఒక్క సంగతి చెప్పకపోతే ఉత్తరాన వెలియవలసిన రాజధాని దక్షిణాన వెలుస్తుంది. నగరమైతే చేరింది కనుక పనిముట్టు "పని పూర్తయినది" అనే చెబుతుంది! దారులు, సరిహద్దులు, ఆటగాళ్ళు నెరవేర్చవలసిన సాహసకార్యాలు అన్నీ ఆ తప్పు స్థానాన్ని ఆధారం చేసుకొని పెరుగుతాయి. చివరకు ఎవరో గుర్తించేసరికి రూపకర్తల శ్రమ అంతా తిరిగి మొదటికి వస్తుంది. యంత్రం మొండికేస్తే వెంటనే తెలుస్తుంది; ఇట్లా వినయంగా చేసిన తప్పే ప్రమాదకరం.

అదే వివరణను ఈ విధంగా రాయవచ్చు: "పటంపై ఒక కొత్త నగరాన్ని చేర్చును. స్థానాన్ని పటం ఎడమ పై మూల నుండి పిక్సెళ్ళలో ఇవ్వాలి. రెండవ విలువ పెరిగితే దక్షిణానికి పోతుంది. ముందుగా ఎత్తులు, నదులు నిర్ణయించి ఉండాలి. సముద్రంలోని స్థానాన్ని ఇస్తే నగరం చేరదు. సమీపంలోని తీర స్థానం జవాబుగా వస్తుంది. ఒకే పేరుతో రెండుసార్లు పిలిస్తే రెండు నగరాలు ఏర్పడతాయి. ఉన్న నగరాన్ని జరపడానికి దీనిని వాడరాదు. 'నగరం జరుపు' వాడాలి." ఈ తొమ్మిది వాక్యాలలోనూ అలంకారమేమీ లేదు. అయినా 'ఏమి చేస్తుంది' అన్నదానితోపాటు 'ఎప్పుడు చేయరాదు' అన్నది కూడా ఇందులో ఉంది. తొలి ప్రయత్నంలో రచయితలు సాధారణంగా వదిలివేసేది ఈ రెండవ భాగాన్నే.

తప్పు జరిగినప్పుడు వచ్చే సందేశం కూడా వివరణలో భాగమే. "లోపం 7" అన్న జవాబుతో ఏజెంటుకు ప్రయోజనం లేదు. "ఈ గదికి ఎత్తు లేదు, ముందు ఎత్తులు నిర్ణయించండి" అంటే అది తన దారిని తానే సరిచేసుకోగలదు. అట్లాగని పుటలకొద్దీ రాయడమూ తగదు. ఏజెంట్ ఒకేసారి దృష్టిలో ఉంచుకోగల పాఠ్యానికి పరిమితి ఉంది. అనవసరమైన మాట అవసరమైన మాటకు చోటు లేకుండా చేస్తుంది.

వివరణ సరిపోయిందో లేదో తెలుసుకొనేందుకు రచయితలు ఏజెంటుకు పది రకాల కోరికలు ఇచ్చి, అది ఎక్కడ తడబడుతుందో గమనిస్తారు. తడబడిన చోట ముందుగా దిద్దవలసినది వివరణనే. దిద్దినా మిగిలిపోయే లోపాలను దాచకుండా రాయాలి. పైన పేర్కొన్న యూనిక్స్ కరదీపికలో తెలిసిన లోపాలను చెప్పుకొనేందుకు ఒక శీర్షికనే కేటాయించారు. మన 'నగరం చేర్చు' పనిముట్టుకు అటువంటి శీర్షిక పెడితే అందులో ఈ వాక్యం ఉండవచ్చు: "ఈ పనిముట్టు సముద్రాన్ని గుర్తిస్తుంది గానీ సరస్సులను గుర్తించదు, సరస్సు నడుమ నగరాన్ని నిలపగలదు, కనుక ముందు సరస్సుల జాబితాతో సరిచూడండి."