ఓడకన్నా ముందు సముద్రాన్ని ఎంచుకోండి

1960లలో కెనడా తూర్పు తీరాన నోవా స్కోషియా దగ్గర, అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలోకి ఒక ఓడ బయల్దేరింది. అందులో కొందరు అమెరికా నౌకాదళానికి చెందిన పరిశోధకులు. మిగతావాళ్లు వాషింగ్టన్‌లోని గాలాడెట్ కాలేజీ నుంచి ఎంపికై వచ్చిన బధిరులు. అంతరిక్షయానాన్ని మనిషి శరీరం ఎలా తట్టుకుంటుందో తెలుసుకోవడానికి నాసా కోసం జరిపిన ప్రయోగాల్లో అదొకటి. ఓడ ఊగడం మొదలయ్యాక పరిశోధకులు ఒక్కొక్కరే వాంతులతో కూలబడ్డారు. బధిరులు మాత్రం బల్ల చుట్టూ చేరి హాయిగా పేకాడుకున్నారు. పరీక్షించాల్సినవాళ్లే లేవలేకపోవడంతో ప్రయోగాన్ని ఆపేయాల్సి వచ్చింది.

ఆ బధిరుల్లో దాదాపు అందరికీ చిన్నతనంలో మెనింజైటిస్ వచ్చి వినికిడి పోయింది. దాంతోపాటే లోపలి చెవిలో ఒంటి సమతూకాన్ని చూసుకునే అవయవం కూడా దెబ్బతింది. ఆ అవయవం పనిచేయని మనిషికి ఏ సముద్రమూ వికారం పుట్టించలేదు. ఓడలో గొడవ మొదలయ్యేది కడుపులో కాదు, చెవిలో అన్నమాట.

చిన్నపిల్లలతో తొలి క్రూయిజ్‌కు సిద్ధమయ్యే అమ్మానాన్నలకు నేను మొదట చెప్పదలుచుకున్నది ఈ చెవి సంగతే. కరపత్రాల్లో నీటి జారుడుబల్లలు, ఐస్‌క్రీమ్ కౌంటర్లు, కార్టూన్ బొమ్మల వేషాలు కనిపిస్తాయి. పిల్లలు వాటిని చూసే మారాం చేస్తారు. కానీ పిల్లాడు రెండో రోజు జారుడుబల్ల ఎక్కుతాడా, గదిలో అమ్మ ఒళ్లో తల పెట్టుకుని పడుకుంటాడా అన్నది ముఖ్యంగా మనం ఎంచుకున్న నెల మీద, దారి మీద, గది మీద ఆధారపడుతుంది. ఓడ పేరు ఆ తర్వాతి మాట.

లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార కుల్యలు ఉంటాయి. తల ఎటు తిరిగినా వాటిలోని ద్రవం కదిలి ఆ సంగతి మెదడుకు చేరుతుంది. వాటి పక్కనే ఉన్న రెండు చిన్న సంచుల్లో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలుంటాయి. మనం పైకి లేచినా, కిందికి దిగినా, పక్కకు ఒరిగినా ఇవి జరిగి కబురు పంపుతాయి. కిటికీ లేని గదిలో కూర్చున్న పిల్లకు మంచం, గోడ, బొమ్మ ఏవీ కదలడం లేదని కళ్లు చెబుతాయి. పైకి లేస్తున్నాం, పడుతున్నాం అని చెవి చెబుతుంది. ఈ రెండు సాక్ష్యాలూ పొసగకపోవడమే వికారానికి మూలమన్నది శాస్త్రజ్ఞులు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

పిల్లల వయసును బట్టి దీని ప్రభావం బాగా మారుతుంది. రెండేళ్లలోపు పసివాళ్లకు ప్రయాణాల్లో వికారం రావడం అరుదు. ఆపైన పెరుగుతూ పోయి తొమ్మిది, పదేళ్ల దరిదాపుల్లో గరిష్ఠానికి చేరి, యవ్వనంలో తగ్గుతుంది. ‘మా అమ్మాయికి బస్సు పడదు’ అని చెప్పుకునే ఇళ్లలో ఆ అమ్మాయి వయసు సాధారణంగా ఇదే. తిరుమల ఘాట్ రోడ్డులోనో, అరకు దారిలోనో కవర్ పట్టుకుని కూర్చునే పిల్లకు సముద్రమూ పడకపోవచ్చు. మన చేతిలో ఉన్న మంచి సూచన ఇదే. పాపికొండల లాంచీలో బాగానే ఉంది కదా అనుకోవడం మాత్రం సరైన పరీక్ష కాదు. గోదావరి మీద పడవ సాగిపోతుంది తప్ప సముద్రం మీదలాగా ఎగసి పడదు.

ఎగసి పడటమే అసలు సమస్య. 1970లలో అమెరికాలో కొన్ని వందలమంది యువకులను పైకీ కిందికీ కదిలే గదిలో కూర్చోబెట్టి, ఏ లయలో ఎక్కువమంది వాంతి చేసుకుంటారో కొలిచారు. సుమారు 5 సెకన్లకు ఒకసారి లేచి దిగే కదలిక అన్నిటికన్నా చెడ్డదని తేలింది. అంతకన్నా బాగా వేగమైనా, బాగా నెమ్మదైనా శరీరం ఓర్చుకుంటుంది. తర్వాత 1980లలో బ్రిటన్ పరిశోధకులు ఓడల్లో 20 వేలమందికి పైగా ప్రయాణికుల నుంచి వివరాలు సేకరించినప్పుడూ, ఎంతమందికి వాంతులయ్యాయన్నది ప్రధానంగా ఈ నిట్టనిలువు కదలికతోనే ముడిపడి కనిపించింది.

ఇక సముద్రం. మన పడమటి తీరంలో జూన్ మొదలుకొని సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల కాలం. జూన్, జులైల్లో అరేబియా సముద్రంలో అలలు 3 మీటర్లు దాటడం మామూలే. అదే ముంబయి, గోవా మధ్య నవంబరు నుంచి మార్చి దాకా నీళ్లు చాలావరకు నిమ్మళంగా ఉంటాయి. మన తూర్పు తీరానిది వేరే లెక్క. బంగాళాఖాతంలో తుపానులకు ముఖ్యమైన కాలం అక్టోబరు నుంచి డిసెంబరు, మళ్లీ ఏప్రిల్ చివర నుంచి మే. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. కాబట్టి తెలుగు రాష్ట్రాల బడి సెలవుల్లో విశాఖ, చెన్నై వైపు ఓడ ఎక్కాలంటే దసరాకన్నా సంక్రాంతి ఎంతో మేలు. వేసవి సెలవుల్లో పడమటి తీరానికి వెళ్లేవాళ్లు ఏప్రిల్ చివర్లోనో, మే మొదట్లోనో ముగించుకోవాలి. జూన్‌లో బడి తెరిచేముందు వెళ్దామనుకోవడం రుతుపవనాలకు ఎదురెళ్లడమే. టికెట్ ధర బాగా తగ్గిన వారం కనిపిస్తే, ఆ నెలలో సముద్రం ఎలా ఉంటుందో ముందు చూడండి.

దీనికి కావలసిన సమాచారం మన హైదరాబాద్ నుంచే వస్తుంది. అక్కడి ప్రగతినగర్ దగ్గరున్న ఇన్‌కాయిస్ సంస్థ దేశమంతటి తీరాలకూ అలల ఎత్తు, గాలి అంచనాలను రోజూ ఉచితంగా ఇస్తుంది. జాలర్లు చూసుకునే ఆ అంచనాలు ఓడ ఎక్కే కుటుంబానికీ పనికొస్తాయి. వాటిలో చెప్పే అలల ఎత్తు అన్ని అలల సగటు కాదు, ఎత్తైన మూడోవంతు అలల సగటు. 2 మీటర్లని రాసి ఉంటే అప్పుడప్పుడు దాదాపు దానికి రెట్టింపు ఎత్తు అల కూడా రావచ్చు.

ప్రవాస తెలుగువాళ్లకూ ఇదే సూత్రం. సింగపూర్ నుంచి పెనాంగ్ వైపు వెళ్లే ఓడలు మలక్కా జలసంధిలో ప్రయాణిస్తాయి. పడమట సుమత్రా దీవి అడ్డుగోడలా ఉంటుంది కాబట్టి అక్కడ పెద్ద అలలు పుట్టడానికి చోటే తక్కువ. అలాస్కా అంటే చాలామంది జడుస్తారు గానీ, దీవుల మధ్యనుంచి సాగే ఇన్‌సైడ్ పాసేజ్ దారి పిల్లల చెవులకు బయటి సముద్రం కన్నా చాలా మెత్తన. మయామీ నుంచి బహామాస్‌కు వెళ్లే చిన్న ప్రయాణాలు తొలిసారికి బాగుంటాయి. అయితే అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా నడుస్తుందని, అమెరికా బడుల వేసవి సెలవులు అందులోనే పడతాయని మరచిపోకూడదు.

గది విషయానికొద్దాం. అలను ఎదుర్కొన్నప్పుడు ఓడ ముక్కు లేస్తుంది, తోక దిగుతుంది. మరుక్షణం తారుమారవుతుంది. ఏతం మానును తలుచుకోండి: నడిమి ఇరుసు దగ్గర కదలిక బెత్తెడైతే కొసన బావి లోతు. పొడవైన ఓడలో ముక్కు దగ్గరి గదికీ నడుమ గదికీ తేడా అంతే. పక్కలకు ఒరిగేటప్పుడు పై అంతస్తులు ఎక్కువగా ఊగుతాయి. అందుకే పిల్లలున్నవాళ్లు ఓడ పొడవులో నడుమ, కింది అంతస్తుల్లో గది అడగాలి. ఈ గదులకు తరచూ ధర కూడా తక్కువే. ‘ఏ గది ఇచ్చినా ఫర్వాలేదు’ అనే పద్ధతిలో బుక్ చేస్తే చవకగా దొరుకుతుంది కానీ, ముక్కు దగ్గర పడే అవకాశాన్ని మనమే కొనుక్కున్నట్టు.

బాల్కనీ ఉండాలా? బుడిబుడి నడకల పిల్లలుంటే తొలిసారికి వద్దనే నా సలహా. రెయిలింగ్ కనీసం మీటరు ఎత్తుంటుంది, కానీ పక్కన కుర్చీ ఉంటే ఎక్కడం పిల్లలకు క్షణం పని. గట్టిగా మూసి ఉండే కిటికీ గది చాలు. అందులోంచి దిగంతం కనిపిస్తుంది. దిగంతాన్ని చూస్తుంటే కళ్లూ చెవీ ఒకే మాట చెబుతాయి. వికారంగా ఉందన్న పిల్లకు ఫోన్‌లో బొమ్మలు పెట్టి ఊరుకోబెట్టడం సరిగ్గా దీనికి వ్యతిరేకమైన పని.

ఓడ పొడవు కూడా పట్టించుకోదగ్గదే. లోతైన నీటిలో 8 సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే అలల శిఖరాల మధ్య దూరం సుమారు 100 మీటర్లు. 10 సెకన్ల అలలకు అది 156 మీటర్లు. ఓడ అంతకన్నా పొడవుగా ఉంటే ఒకేసారి రెండు అలల మీద ఆనుకుని నిలుస్తుంది, తక్కువగా ఎగసిపడుతుంది. 2021 నుంచి ముంబయి కేంద్రంగా కార్డేలియా సంస్థ నడుపుతున్న ఎంప్రెస్ 1990 నాటి ఓడ, పొడవు 211 మీటర్లు. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ద సీస్ సుమారు 365 మీటర్లు. తొలి ప్రయాణానికి అంత పెద్దది అవసరం లేదు. మంచి నెలలో మధ్యరకం ఓడ, చెడ్డ నెలలో పెద్ద ఓడకన్నా నయం.

పెద్ద ఓడల పొట్టకు ఇరువైపులా నీటిలోకి చాచే రెక్కలుంటాయి. వీటిని స్టెబిలైజర్లంటారు. ఓడ ఒక పక్కకు ఒరగబోతుంటే ఇవి కోణం మార్చుకుని, విమానం రెక్కల్లా నీటి ఒత్తిడితో ఎదురు తోస్తాయి. పక్కల ఊపును ఇవి చాలావరకు అణచేస్తాయి. కానీ ముక్కూ తోకా ఎగసిపడటాన్ని ఆపలేవు. పైగా ఓడ ముందుకు పోతున్నప్పుడే పనిచేస్తాయి. లక్షద్వీప్ లాంటి చోట పగడపు దిబ్బల వల్ల పెద్ద ఓడ ఒడ్డుకు రాలేక దూరంగా ఆగుతుంది. అప్పుడు ఈ రెక్కలు ఊరికే ఉన్నట్టే. అక్కడి నుంచి చిన్న పడవల్లో దిగాలి. చంకలో పాపతో ఊగే పడవలోకి అడుగు వేయడం కష్టం. సముద్రం బాగాలేకపోతే ఆ దిగడమే రద్దవుతుంది. అందువల్ల మొదటిసారి రేవుగట్టుకు ఆనుకుని ఆగే ఓడ, రెండు మూడు రాత్రుల ప్రయాణం మంచిది.

ఇక నియమాలు. చాలా కంపెనీలు 6 నెలలు నిండని పసికందులను ఎక్కించుకోవు. వరసగా మూడు నాలుగు రోజులు రేవు తగలని ప్రయాణాలకు ఏడాది నిండాలంటాయి. నడిసముద్రంలో పసిపిల్లల ఆసుపత్రి దొరకదు కాబట్టి ఇది సరైన నియమమే. పిల్లల క్లబ్బుల్లో మామూలుగా 3 ఏళ్లు నిండి, డైపర్ మానేసినవాళ్లనే చేర్చుకుంటారు. డైపర్ వేసుకునే పిల్లలను అమెరికా రేవులకు వచ్చే ఓడల్లో మామూలు ఈతకొలనులోకి దిగనివ్వరు. ఈతకు వాడే డైపర్లకూ మినహాయింపు లేదు. కొన్ని ఓడల్లో మాత్రమే వాళ్లకు వేరే నీటి ఆటస్థలం ఉంటుంది. బుక్ చేసేముందు ఈ ఒక్క ప్రశ్న అడక్కపోతే పాపను కొలను గట్టున కూర్చోబెట్టి ఏడిపించాల్సి వస్తుంది. ఇవన్నీ కలిపి చూస్తే తొలి క్రూయిజ్‌కు నాలుగైదేళ్ల వయసు బాగా అనువైనదని నాకనిపిస్తుంది: డైపర్ ఉండదు, క్లబ్బులో చేరతారు, వికారం ఇంకా గరిష్ఠానికి చేరదు.

ఆ డైపర్ నియమం వెనకున్నది నోరోవైరస్ లాంటి పొట్ట జబ్బుల భయం. నోరోవైరస్ కణాలు అతి కొద్దిగా లోపలికి వెళ్లినా చాలు, ఒకటి రెండు రోజుల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. దీని మీద కొవ్వు పొర ఉండదు. అందువల్ల ఆల్కహాల్ శానిటైజర్ దీన్ని సరిగా చంపలేదు. భోజనశాల గుమ్మం దగ్గర శానిటైజర్ సీసా ఉన్నా, పిల్లల చేతులను సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగాల్సిందే. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ ఓడలను తనిఖీ చేసి 100కు మార్కులు వేస్తుంది. 86 వస్తేనే ఉత్తీర్ణత. ఈ జబ్బు నమోదయ్యే సందర్భాల్లో ఓడలవి దాదాపు ఒక శాతమేనని ఆ సంస్థే చెబుతోంది కనుక భయపడనక్కర్లేదు. కానీ చిన్నపిల్లల ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. ఓఆర్ఎస్ పొట్లాలు ఇంటి నుంచే తీసుకెళ్లండి.

వాంతుల మందు విషయంలో పెద్దల మాత్రను సగం విరిచి ఇవ్వడం చాలా ఇళ్లలో చూస్తుంటాం. అది ప్రమాదం. మన మందుల షాపుల్లో తేలిగ్గా దొరికే ప్రోమెథజీన్ రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు, ఊపిరి మందగించవచ్చు. చెవి వెనక అంటించే స్కోపొలమైన్ పట్టీలు పిల్లలకు కావు. పిల్లల డాక్టరు చెప్పిన మోతాదును ఓడ కదలకముందే వేస్తే ఉపయోగం. వికారం మొదలయ్యాక వేసిన మాత్ర కడుపులో నిలవదు.

లైఫ్ జాకెట్ గురించి మొహమాటం వద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగినప్పుడు ఏం జరిగిందో మనందరికీ తెలుసు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 15 కిలోలలోపు పసివాళ్లకు ఒక రకం, 15 నుంచి 43 కిలోల పిల్లలకు మరో రకం జాకెట్లుండాలి. 24 గంటలు, అంతకు మించిన ప్రయాణాల్లో ఓడలోని ప్రతి పసికందుకూ ఒకటి ఉండాలి. 2012లో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ మునిగిన తర్వాత, ఓడ కదిలేముందో, కదిలిన వెంటనేనో ప్రయాణికులకు అత్యవసర కసరత్తు జరపడం తప్పనిసరైంది. గదిలో అడుగుపెట్టగానే జాకెట్లు తీసి పిల్లలకు తొడిగి చూడండి. పట్టకపోతే సిబ్బందిని అప్పుడే అడగండి. కొలను దగ్గర కాపలా ఈతగాడు ఉంటాడనుకోవద్దు. చాలా ఓడల్లో ఉండడు. నీటిలో మునిగే పిల్లలు అరవరు కూడా. పసివాళ్లు కొలనులో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి చేయి అందేంత దూరంలోనే ఉండాలి.

దిగిన రోజు రాత్రి ఇంట్లో స్నానాలగది నేల ఊగుతోందని పిల్లలు చెబితే నవ్వేయకండి. ఓడ కదలికకు అలవాటుపడ్డ మెదడు నేలకు మళ్లీ అలవాటుపడుతోంది. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అంతకు మించి ఉంటే డాక్టరుకు చూపించాలి.