చేలో కలుపు... ఇంట్లో కూర

కలుపు తీసే రోజున ఒకసారి గమనించండి. కూలికి వచ్చిన ఆడవాళ్లు తుంగను, గరికను పీకి గట్టు మీద పారేస్తారు. గంగవాయిలి కనిపిస్తే మాత్రం పారేయరు. వేరు తుంచి, మట్టి దులిపి ఒడిలో వేసుకుంటారు. పొద్దుగూకేసరికి అది పప్పులో పడుతుంది. రైతుకు కలుపైన మొక్కే కూలి ఇంటికి కూర. మరి ఎవరి లెక్క సరైనది? ఇద్దరిదీ సరైనదే. ఆ మొక్క ఎక్కడ మొలిచింది, దాని మీద ఏ మందు పడింది అన్నదే తేడా.

బెట్టకు బెదరదు

గంగవాయిలి, పాయలకూర, పావిలికూర... ఊరికో పేరు. హైదరాబాదులో కుల్ఫా అన్నా ఇదే. నేలకు అంటుకుని చాపలా పరుచుకుంటుంది. కాండం ఎర్రగా, నున్నగా ఉంటుంది. ఆకు దళసరి, గిల్లితే నీరు ఊరుతుంది. చిన్న పసుపు పువ్వు ఎండ పొడకు విచ్చుకుని కాసేపటికే ముడుచుకుంటుంది. చెల్క నేల, గరప నేల, ఇంటి వెనక రాళ్ల దిబ్బ ఎక్కడైనా బతుకుతుంది. నీరు నిలిచే చోట మాత్రం కుళ్లిపోతుంది.

వాన ముఖం చాటేసినా ఇది ఎలా బతుకుతోంది? మొక్కలు ఆకుల మీది సన్నని రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి. అవి తెరుచుకున్నప్పుడల్లా లోపలి తేమ ఆవిరై పోతుంది. నేలలో పదును ఉన్నన్నాళ్లు గంగవాయిలి కూడా జొన్న, మొక్కజొన్నల మాదిరే పగటిపూట గాలి పీల్చి జోరుగా పెరుగుతుంది. బెట్ట తగిలిందా, పద్ధతి మార్చేస్తుంది. నాగజెముడు లాగా రాత్రి చల్లబడ్డాక గాలి పీల్చి, దాన్ని పులుపుగా మార్చి ఆకులో దాచుకుంటుంది. పగలు ఆ నిల్వ వాడుకుంటుంది. అందుకే బెట్టలో పొద్దున్నే కోసిన ఆకు పుల్లగా ఉంటుంది, సాయంత్రం కోస్తే పులుపు తగ్గుతుంది. ఈ రెండు పద్ధతులూ ఒకే కణంలో నడుస్తాయని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2022లో తేల్చారు.

ఉల్లి మడిలో తంటా

ఈ మొండితనమే రైతుకు తలనొప్పి. ముఖ్యంగా ఉల్లి, నారుమడులు, కూరగాయల్లో. ఉల్లి ఆకు సన్నం, నేల మీద నీడ పడదు. ఆ సందులో గంగవాయిలి అల్లుకుపోతుంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. నల్లటి ఆ సన్న గింజలు నేలలో ఏళ్ల తరబడి చావవు.

గుంటక తోలితే పని అయిపోయిందనుకోకండి. తెగిన ముక్కకు కాస్త తెమ్మ తగిలితే మళ్లీ వేళ్లు వేస్తుంది. పూత మీదున్న మొక్కను పీకి సాళ్లలోనే పడేస్తే, పడుకునే గింజ కడుతుంది. అందుకని పూతకు ముందే పీకండి, పీకింది చేను బయటికి మోయించండి. ఇంకో సంగతి. దీని గింజ పైపైన ఉండి వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తుంది. సాళ్ల మధ్య వరిగడ్డి గానీ, ఆకు అలము గానీ మందంగా కప్పితే చాలావరకు లేవదు.

పెరట్లో ఇలా వేయండి

పనికిరాని జాగా నాలుగు గజాలున్నా చాలు. మట్టి గుల్ల చేసి, గింజను సన్న ఇసుకలో కలిపి పైన చల్లండి. మట్టి కప్పొద్దు. గింజ దొరక్కపోతే జానెడు ముక్కలు నాటినా బతుకుతాయి. నాటుకునే దాకా పలుచగా తడి ఇవ్వండి. ఐదారు వారాల్లో కోతకొస్తుంది. మొదట రెండు మూడు అంగుళాలు వదిలి కోస్తే మళ్లీ చిగురేస్తుంది. పూత రాకముందు ఆకే లేతగా, రుచిగా ఉంటుంది.

పప్పులోకి, పెరుగు పచ్చడిలోకి బాగుంటుంది. పులుపు ఉంటుంది గనుక చింతపండు తగ్గించండి. అవిసె గింజల్లో ఉండే ఒమేగా-3 రకం కొవ్వు దీని తాజా ఆకు 100 గ్రాముల్లో 300 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా ఉందని 1992లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఆకుకూరకు ఇది ఎక్కువే.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

పోలికలు: కాండం తుంచి చూడండి. తెల్లటి పాలు కారితే అది నానబాలు జాతి, తినకూడదు. గంగవాయిలిలో పాలు ఉండవు. గలిజేరు కూడా ఇలాగే పాకుతుంది గానీ దాని ఆకుల జతలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పువ్వు పసుపు కాదు.

మూత్రపిండాల్లో రాళ్లు: ఇందులో ఆగ్జలేట్ ఎక్కువ. రాళ్లు ఉన్నవారు, వచ్చి తగ్గినవారు డాక్టరును అడిగాకే తినాలి. మిగతావాళ్లు ఉడికించి నీళ్లు వంపేసినా, పెరుగుతో తిన్నా దాని ప్రభావం కొంత తగ్గుతుంది.

గొర్రెలు, మేకలు: ఇదొక్కటే దట్టంగా మొలిచిన చోటికి ఆకలి మీదున్న మందను తోలకండి. ఒక్కసారిగా కడుపునిండా మేస్తే విషమయ్యే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం మందు సంగతి. కలుపు మందు కొట్టిన రోజే మొక్క వాడిపోదు. కొన్ని మందులకు రోజులు పడుతుంది. అప్పటిదాకా పచ్చగా, నిగనిగలాడుతూ కూర లాగే కనిపిస్తుంది. పత్తి, మిరప మీద కొట్టే పురుగు మందు కూడా కింద మొలిచిన ఈ ఆకు మీదే కారుతుంది. అది మీకు తెలుసు. మర్నాడు మీ చేలోకి వచ్చే కూలి అక్కకు తెలియదు. ఆమె దాన్ని ఒడిలో వేసుకుపోయి పిల్లలకు వండిపెడుతుంది.

అందుకే రైతు సోదరులారా, మందు కొట్టిన చేలోకి ఎవరొచ్చినా ముందు ఆ ముక్క చెప్పండి. ఈ చేలో కూర కోయొద్దని ఒక్క మాట. దానికి పైసా ఖర్చు లేదు. వీలైతే మందు పడని గట్టు ఒకటి వదిలి, కావాలంటే అక్కడ కోసుకోమనండి. మీకు కలుపు తగ్గుతుంది, వాళ్లకు కూర దొరుకుతుంది.