మన యింటి పెద్దలు - చక్కెర వ్యాధి బోధన

మధుమేహమును మన నేతవాడలలో పెద్దలు ‘షుగరు’ అందురు. పేరులోనే పొరపాటు దాగియున్నది. తీపి ముట్టని తమకు ఈ వ్యాధి యెట్లు వచ్చెనని వారి సందేహము. జొన్నరొట్టెయు, అన్నమును దేహములో చక్కెరగానే మారును. ఇన్సులిన్ చాలకున్నను, సరిగా పనిచేయకున్నను ఆ చక్కెర రక్తములో నిలిచిపోవును. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము దేశమున సుమారు 10.1 కోట్ల మందికి ఈ వ్యాధి కలదని అంచనా వేసినది. బిళ్ళ యిచ్చుట యొకటి, దానిని తెలిసి వాడుకొనునట్లు నేర్పుట మరియొకటి. ఈ రెండవదే మధుమేహ బోధన.

షోలాపురమునకు మన పూర్వులు తెలంగాణ జిల్లాల నుండి వచ్చిరి. ఇంటి భాష తెలుగు. దవాఖానలో పంచు కాగితము మరాఠీ. బీడీలు చుట్టి సంసారమును నడిపిన అవ్వలలో బడి మెట్టు ఎక్కనివారే పెక్కురు. మరమగ్గముల రొదలో బ్రతుకంతయు నిలిచిన తాతలకు చెవులు మందగించినవి. వారికి సభలో ఉపన్యాసమేల? పదిమందిని చుట్టును కూర్చుండబెట్టి, ముఖము చూచి, తెలుగున చెప్పి, వారి ప్రశ్నలను విన్ననే బోధన యగును.

ఉపవాసముల సంగతియే చూడుడు. రొట్టె మాని సగ్గుబియ్యపు ఖిచిడీ తినుట మన యూరి వాడుక. సగ్గుబియ్యము దాదాపు వట్టి పిండిపదార్థము. చక్కెరను త్వరగా పెంచును. మరికొందరు ఏమియు తినక బిళ్ళ మాత్రము మ్రింగుదురు. కొన్ని బిళ్ళల వలనను, ఇన్సులిన్ సూది వలనను అప్పుడు చక్కెర డెసిలీటరునకు 70 మిల్లీగ్రాముల కంటె దిగి చెమట, వణకు, తికమక కలుగును. పెద్దలు దానిని ఉపవాసపు నీరసమనుకొందురు. అదియే ప్రమాదము. స్పృహ యున్నచో వెంటనే మూడు చెంచాల చక్కెర నీట కలిపి త్రాగింపవలెను. షుగరుకు చక్కెరయే మందా యని అవ్వలు నవ్వుదురు. నవ్విన మాట మరువరు గదా! ఉపవాసమే వలదన్నచో వారు వినరు. ముందుగా వైద్యునడిగి మోతాదు మార్చుకొనుడన్నచో విందురని మా నమ్మకము.

పాదముల మాట విద్యార్థులకు చెప్పవలసినది. ఈ వ్యాధి ముదిరినచో నరములు మొద్దుబారి, మేకు గ్రుచ్చుకొన్నను తెలియదు. చూపు తగ్గిన తాతకు తన అరికాలు కనబడదు, మనుమనికి కనబడును. రాత్రి పడుకొనుటకు ముందు దీపము వెలుగున వ్రేళ్ళ సందులు సయితము చూడవలెను. పగులు, పుండు, ఎఱ్ఱదనము ఉన్నచో తెల్లవారగనే దవాఖానకు తోడు వెళ్ళవలెను. బిళ్ళ భోజనమునకు ముందా, తరువాతనా యని అక్కడనే అడిగి, తెలుగున పెద్ద అక్షరములతో వ్రాసి, డబ్బాపై అంటింపవలెను.