గజ్జె కట్టే ముందు... బొటనవేలిని పలకరించారా?

పోయిన వేసవి సెలవుల్లో పామర్రులో అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లాను. పొద్దున్నే మా పిన్ని కూతురు మేడ మెట్లు దిగుతోంది. మామూలుగా కాదు... గోడ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి మరీ దిగుతోంది. 12 ఏళ్ల పిల్ల!

‘ఏమైందే?’ అన్నాను.

‘ఏం లేదక్కా, నిద్రమత్తు’ అంది.

ఆ నిద్రమత్తు సంగతి నాకు బాగా తెలుసు. 15 ఏళ్ల వయసులో నేనూ ఇంట్లో అదే అబద్ధం చెప్పాను.

విజయవాడలో ఏడేళ్లప్పుడు కూచిపూడి నేర్చుకోవడం మొదలుపెట్టాను. టెన్త్‌లో ఉండగా ఎడమకాలి బొటనవేలి మొదట్లో నొప్పి వచ్చింది. మడమలు లేపి పూర్తి మండిలో కూర్చుంటే ఆ వేలు వెనక్కి వంగేది కాదు. రంగప్రవేశం దగ్గర పడుతోంది. చెబితే ఆపేస్తారని భయం. అందుకే బరువంతా చిటికెనవేలి వైపు నెట్టి ఆడేదాన్ని. రెండు నెలలు తిరక్కుండానే చీలమండ బెణికింది. తగ్గీ తగ్గకముందే మళ్లీ బెణికింది. ఇంతలో ఇంటర్ వచ్చింది, గజ్జెలు అటకెక్కాయి.

ఇప్పుడు ఫిజియోథెరపీ చదివి ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. నా డాన్స్‌ని ఆపింది చీలమండ అనే అనుకున్నాను ఇన్నాళ్లూ. అసలు కథ అంతకుముందే మొండికేసిన బొటనవేలితో మొదలైందని చదువుకున్నాకే తెలిసింది.

మువ్వల ఊళ్లో పాదాల మాట

పామర్రు నుంచి చల్లపల్లి వైపు వెళ్తే కూచిపూడి వస్తుంది. ఉండేది మొవ్వ మండలంలో. మొవ్వ అంటే క్షేత్రయ్య పేరుతో ముడిపడిన ఊరు, ఆయన పదాల్లో ముద్ర ‘మువ్వగోపాల’. మువ్వ పేరు వినిపించే చోట పాదాల గురించి మాట్లాడుకోకపోతే ఎలా!

ఒకప్పుడు ఇక్కడి భాగవతులు ఊరూరా తిరిగి రాత్రంతా ఆడేవారు. ఆడవేషాలూ మగవాళ్లే కట్టేవారు. సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మ గారే అనేంత పేరు ఆయనది. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఇవాళ ఈ నాట్యం నేర్చుకునే అమ్మాయిలు దేశదేశాల్లో ఉన్నారు.

నాట్యం అదే, నేల మాత్రం మారింది. మట్టి నేల దెబ్బని కొంచెమైనా మింగుతుంది. గ్రానైట్, టైల్స్, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోని కాంక్రీటు అస్సలు మింగవు. కాలికి బూట్లు ఉండవు కాబట్టి ఆ దెబ్బంతా పాదమే తినాలి.

దానికితోడు మనం పాదంతో చేయించే పని చూడండి. అరమండిలో మడమ నేలకి ఆనే ఉండాలి, మోకాలు మాత్రం కాలివేళ్ల మీదుగా ముందుకు రావాలి. అంటే చీలమండ బాగా వంగాలి. పూర్తి మండిలో మడమలు పైకి లేస్తాయి, ఒంటి బరువంతా మునివేళ్ల మీద పడుతుంది. అక్కడ బొటనవేలు దాదాపు లంబకోణంలో వెనక్కి వంగాలి. ఇక తరంగం సంగతి చెప్పక్కర్లేదు. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, కాలివేళ్లతో పట్టు చిక్కించుకుని, జతికి తగ్గట్టు పళ్లేన్ని కదిలించాలి.

మామూలుగా నడవడానికి బొటనవేలు 60 డిగ్రీల వరకు వంగితే సరిపోతుంది. మునివేళ్ల మీద నిలబడే డాన్సర్‌కి 80, 90 దాకా కావాలి. వేలు అంత వంగకపోతే ఏం చేస్తాం? నాలాగే దొంగదారి వెతుక్కుంటాం!

గిలకా, తాడూ

అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా గట్టి పట్టీ లాంటి పొర ఉంటుంది. బొటనవేలు వెనక్కి వంగినప్పుడు, బావి గిలకకి తాడు చుట్టుకున్నట్టు ఆ పొర బిగుసుకుంటుంది. దాంతో పాదం వంపు పైకి లేచి పాదం గట్టిపడుతుంది. అప్పుడే నేలని బలంగా తన్ని ఎగరగలం. హిక్స్ అనే శాస్త్రవేత్త 1954లోనే ఈ గిలక సూత్రాన్ని వివరించాడు. కబడ్డీలో కూతకెళ్లినా, బ్యాడ్మింటన్‌లో నెట్ దగ్గరికి దూకినా, 100 మీటర్లు పరుగెత్తినా చివర్లో నేలని నెట్టేది ఈ వేలే.

ఇంకో విషయం. బొటనవేలిని కిందికి వంచే కండరం పాదంలోనే ఉంటుందనుకుంటాం. వాటిలో ముఖ్యమైనది పిక్కలో పుడుతుంది. దాని స్నాయువు చీలమండ వెనక నుంచి లోపలి వైపుగా దిగి, అరికాలి కింద నడిచి, బొటనవేలి చివర అతుక్కుంటుంది. వేలి మొదట్లో శనగగింజంత ఎముకలు రెండు ఉంటాయి, వాటి మధ్యలోంచే వెళ్తుంది. అందుకే చీలమండ వెనక ఇది ఒరుసుకుంటే వేలికి ఇబ్బంది, వేలు బిగుసుకుంటే చీలమండకి ఇబ్బంది. డాక్టర్లు ఈ స్నాయువు నొప్పిని డాన్సర్ల జబ్బుగానే లెక్కేస్తారు.

చీలమండ సరిగ్గా వంగకపోయినా అరమండి ఆగదు, మనం ఎలాగోలా కూర్చుంటాం. పాదం లోపలికి పడిపోతుంది, మోకాలు మెలి తిరుగుతుంది, నడుం వెనక గుంట పడుతుంది. ‘మోకాలి నొప్పి’ అంటూ వచ్చే పిల్లల్లో పాదం చూడకుండా మందు రాస్తే లాభం ఉండదు.

మీరే చూసుకోండి

ఫోన్ కాసేపు పక్కన పెట్టి ఈ రెండు పరీక్షలూ చేయండి.

గోడ పరీక్ష: గోడకి ఎదురుగా ఒక పాదం పెట్టండి. మడమ లేపకుండా మోకాలిని గోడకి తాకించాలి. తాకితే పాదాన్ని కొంచెం వెనక్కి జరిపి మళ్లీ చేయండి. మడమ లేవకుండా ఎంత దూరం నుంచి తాకించగలరో బొటనవేలి చివరి నుంచి గోడ దాకా టేపుతో కొలవండి. 10 సెంటీమీటర్ల దగ్గరుంటే బాగున్నట్టే. రెండు కాళ్లకీ 2 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే మాత్రం తక్కువున్న కాలి మీద శ్రద్ధ పెట్టాలి.

వేలి పరీక్ష: గోడ పట్టుకుని నిలబడి నెమ్మదిగా మడమలు ఎత్తండి. వెనక నుంచి ఎవరినైనా వీడియో తీయమనండి. బరువు బొటనవేలు, రెండో వేలు మీదే ఉందా, లేక చిటికెనవేలి వైపు ఒరిగిపోతున్నారా? ఒరిగితే మీ వేలు ఏదో దాస్తోందన్నమాట!

అది బద్ధకం కాదు

మా చెల్లి సంగతికి వద్దాం. బొటనవేలు బాగానే వంగింది. గోడ పరీక్షలో మాత్రం కుడికాలికి 5 సెంటీమీటర్లు కూడా రాలేదు. మడమని రెండు పక్కల నుంచి నొక్కితే ‘అమ్మో’ అని కాలు లాగేసుకుంది. ఆ ఏడాది దాని గౌన్లన్నీ పొట్టైపోయాయని పిన్ని చెప్పింది.

8 నుంచి 14 ఏళ్ల మధ్య పిల్లల్లో మడమ ఎముక వెనక పెరిగే భాగం ఇంకా మెత్తగా ఉంటుంది. పొడవు పెరిగే వేగాన్ని పిక్క కండరాలు అందుకోలేవు. బిగుసుకుపోయి ఆ మెత్తటి చోటుని లాగుతుంటాయి. దానికి గట్టి నేల మీద రోజూ అడుగులు తోడైతే నొప్పి మొదలవుతుంది. దీన్ని సెవర్స్ అంటారు. ఎముక పెరుగుదల పూర్తయ్యాక తగ్గిపోతుంది, భయపడక్కర్లేదు. అలాగని ఓర్చుకుంటూ ఆడాల్సిన పనీ లేదు. ఎముకల డాక్టర్ కూడా చూసి అదే అన్నారు.

‘దసరాకి పళ్లెం మీద తరంగం చేయాలక్కా. మాస్టారికి చెబితే నా బదులు ఇంకొకళ్లని పెడతారు’ అని ఏడ్చింది. పదేళ్ల కింద నేను ఎవరికీ చెప్పుకోలేని మాట అది.

ఏం చేశామంటే...

నేనూ పిన్నీ మాస్టారి దగ్గరికి వెళ్లాం. విన్నాక ఆయన కోప్పడలేదు. ‘కూచిపూడి అంటే కాళ్లొక్కటేనా? భామకి నోరుండాలి కదమ్మా! కాలు తగ్గేదాకా వాచికం పట్టు’ అన్నారు. నిజమే, మన నాట్యంలో పాత్రలు మాట్లాడతాయి, పాడతాయి. ఆరు వారాలు ఎగురుళ్లు, పాదం గట్టిగా కొట్టే అడుగులు మానేసి అభినయం, తాళం, సంభాషణలు సాధన చేసింది.

ఇంట్లో చేసినవి ఇవీ: గోడకి ఆనుకుని పిక్క సాగదీయడం, ఒకసారి మోకాలు నిటారుగా, ఒకసారి వంచి. పిక్కలో పై కండరం, లోపలి కండరం వేరు వేరు కాబట్టి రెండూ అవసరం. ఒక్కోటి 30 సెకన్లు, మూడేసి సార్లు. మిగతా వేళ్లు నేలకి ఆనించి బొటనవేలు ఒక్కదాన్నే ఎత్తడం. మొదట్లో అస్సలు రాదు, నవ్వొస్తుంది. వారానికి వస్తుంది. నొప్పి తగ్గాక మడమలు మెల్లగా ఎత్తి, ఇంకా మెల్లగా దించడం. చివరగా ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోవడం!

చేయకూడనిది ఒకటుంది. వేలు వంగట్లేదని చేత్తో బలవంతంగా విరవకండి, పక్కవాళ్లని పాదం మీద కూర్చోమనకండి. కీలు లోపల ఎముక అడ్డుపడుతుంటే అలా చేయడం వల్ల వాపే మిగులుతుంది. వాపు, రాత్రిపూట నొప్పి, కుంటడం, ఎముక మీద ఒకేచోట నొప్పి ఉన్నా, రెండు వారాలైనా తగ్గకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

దసరాకి మా చెల్లి తరంగం చేయలేదు. పళ్లెం మీద ఇంకో అమ్మాయి నిలబడింది. ఇది తెర వెనక నుంచి భామ మాటలు చెప్పింది. మధ్యలో కాసేపు ఏడుపు ఆపుకుందని పిన్ని చెప్పింది. సంక్రాంతికి వెళ్లేసరికి గోడ పరీక్షలో 9 సెంటీమీటర్లు దాటింది, పళ్లెం కూడా ఎక్కింది.

మెట్లు మాత్రం ఇప్పుడు ఎదురుగానే దిగుతోంది, రెండేసి చొప్పున. పిన్ని కేకలేస్తోంది. నేను మాత్రం ఏమీ అనలేదు, అటక మీద నా గజ్జెల మూట ఎక్కడుందో అమ్మకి ఫోన్ చేసి అడిగాను.