రూపాయి బిళ్ళంత తాబేలు

అక్వేరియం దుకాణంలో అమ్మే ఆకుపచ్చ తాబేలు పిల్ల రూపాయి బిళ్ళకన్నా కాస్తే పెద్దది. కళ్ళ వెనక ఎర్రటి చార. ఇంట్లో పిల్లలు మారాం చేస్తే కొనేస్తారు. అది ఆడదైతే కొన్నేళ్ళలో దాని డిప్ప దాదాపు అడుగు పొడవుకు ఎదుగుతుంది. బాగా చూసుకుంటే ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది. గాజు తొట్టి ఇక చాలదు. పెరట్లో కుంట తవ్వాల్సిందే.

దీని పేరు రెడ్ ఇయర్డ్ స్లైడర్. పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీలోయ. దుంగల మీద ఎండ కాచుకుంటూ, అలికిడైతే సర్రున నీళ్ళలోకి జారిపోతుంది. స్లైడర్ అన్న పేరు అందుకే వచ్చింది.

పెరటి కుంటలోనూ అలాంటి దుంగో, బండో ఉండాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకితేనే ఒంట్లో డి విటమిన్ తయారై, తిన్న కాల్షియం డిప్పకు పడుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది కాబట్టి గదిలో పడే వెలుగు సరిపోదు. ఎండ చాలని తాబేలు డిప్ప మెత్తబడి వంకర్లు పోతుంది. అలాగని మన మే నెల ఎండకు లోతులేని సిమెంటు తొట్టిని వదిలేస్తే నీళ్ళు కాగిపోతాయి. రెండు మూడు అడుగుల లోతు, ఒక పక్క నీడ తప్పనిసరి.

చిన్నప్పుడు పురుగుల్నీ చేపల్నీ ఎక్కువగా తినే ఈ జీవి, పెద్దయ్యాక నీటి మొక్కల వైపు మొగ్గుతుంది. అయినా కుంటలో రంగు చేపలు వేస్తే మిగలవు.

జత లేకపోయినా ఆడ తాబేలు గుడ్లు పెడుతుంది. గట్టున తవ్వుకునేందుకు మెత్తటి మట్టి లేకపోతే గుడ్లు కడుపులోనే నిలిచి ప్రాణం మీదికి రావచ్చు. తవ్వే గోళ్ళే కంచె కింద దారి కూడా చేస్తాయి, కాబట్టి కంచెను నేలలోకి దించి కట్టాలి.

తాబేలును ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దాని ఒంటి మీద సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు. పసిపిల్లలకు ఈ బాక్టీరియా సోకుతోందనే అమెరికా 1975లో నాలుగంగుళాలకన్నా చిన్న తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించింది.

మన పొలాల్లో, చెరువుల్లో కనిపించే దేశవాళీ తాబేలును తెచ్చి పెంచడం మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. విదేశీ స్లైడర్‌ను సాకలేక చెరువులో వదలడమూ తప్పే. అది స్థానిక తాబేళ్ళ తిండికీ, ఎండ కాచుకునే చోటుకూ పోటీ వస్తుంది. జపాన్‌లోనూ ఇదే జరిగింది. 2023 జూన్ నుంచి అక్కడ వీటిని అమ్మకూడదు, బయట వదలకూడదు. అప్పటికే పెంచుకుంటున్నవాళ్ళు మాత్రం తమ దగ్గరే ఉంచుకోవచ్చు.