పాత మిద్దెకు కొత్త వైరింగు

పుంగనూరు దగ్గర ఒక పల్లెలో మేము కాపురమున్న అయ్యగారి ఇల్లు బాగా పాతది. రాతి గోడలు, మట్టి మిద్దె, టేకు దూలాలు. వేసవిలో చల్లగా ఉండేది గాని నవంబరు ముసురు పట్టిందంటే గోడలు చెమర్చేవి. అటువంటి ఒక ముసురు రోజున మా ఇంటావిడ తడి కాళ్ళతో వచ్చి ఫ్రిజ్ తలుపు పట్టుకున్నారు. చేయి అతుక్కుపోయి కేక వేశారు. దేవుని దయవలన పక్కనే ఉన్న పెద్దవాడు మెయిన్ దించేశాడు. మరునాడు వచ్చిన ఎలక్ట్రీషియను ఆ ప్లగ్గు పాయింటు విప్పి చూసి, "అయ్యగారూ, మూడో బెజ్జము చూసేదానికే ఉండాది. దాని యెనకాల వైరే లేదు" అన్నాడు. మూడు బెజ్జాలున్న ప్లగ్గు కొని, మూడు పిన్నుల ఫ్రిజ్ తగిలించి, ఎర్తు ఉన్నదనుకుని అన్నేండ్లు నిశ్చింతగా ఉన్నాము!

ఆ తరువాత మేము మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతాల్లో సంఘస్థుల ఇండ్లకు వెళ్ళినప్పుడెల్లా కాఫీ కంటే ముందు స్విచ్‌బోర్డు చూడడము అలవాటైంది. చాలా పాత ఇండ్లలో ఒకటే కథ. గోడ మీద టేకు పట్టీ, దాని మీద క్లిప్పులతో బిగించిన రబ్బరు తొడుగు వైరు, గుండ్రని కొయ్య దిమ్మె మీద నల్లని స్విచ్చి, పింగాణీ ఫ్యూజు. ఆ రబ్బరు కాలము గడిచేకొద్దీ ఎండి, వంచితే పెళుసుగా రాలిపోతుంది. పట్టీలకు చెదలు, మిద్దె సందుల్లో ఎలుకలు సరేసరి. కొన్ని ఇండ్లలో అల్యూమినియము వైరు ఉంటుంది. దానికి రాగి వైరు కలిపి మెలిపెట్టిన చోట వేడి పుట్టి, జాయింటు నల్లగా మాడి ఉంటుంది.

కరెంటు మన సీమకు మరీ కొత్తదేమీ కాదు. కుప్పానికి దగ్గరలోని కోలారు బంగారు గనులకు కావేరి మీది శివసముద్రము నుండి 1902లోనే తీగలు వేశారు. ఇండ్లలోకి రావడానికే చాలా కాలము పట్టింది. వచ్చినప్పుడు రెండు బల్బులు, ఒక రేడియో. ఇప్పుడు అదే వైరు మీద మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్, ఇస్త్రీ పెట్టె, మదనపల్లె చలికి గీజరు.

"మా అబ్బాయి బెంగుళూరులో వైరింగు పనికి పోతాడు, మేమే వేసుకోవచ్చునా?" అని అడుగుతుంటారు. చట్టము సంగతి ముందు చెప్తాము. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి పాడైతే అదే రకము మార్చుకోవడము ఇంటివారి పని. కొత్త లైను లాగడము, ఉన్నదాన్ని మార్చడము మాత్రము లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారానే జరగాలి. 1956 నాటి నిబంధనలు అదే చెప్పాయి, నేటి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలూ అదే చెప్తున్నాయి. మరి మనము చేయగలిగినదేమి? చాలా ఉంది. ఎక్కడ ఏ పాయింటు కావాలో నిర్ణయించడము, సామాను ఎంచడము, కేసింగు బిగించడములో సాయపడడము, ఎర్తు గుంత త్రవ్వడము. కలిపే పని, పరీక్షించే పని ఆయనది. మేమూ అట్లే చేశాము, కూలి ఖర్చు బాగా తగ్గింది.

మొదట ఒక నోటుబుక్కు కాగితము మీద ఇంటి పటము గీయండి. గదికొక పాయింటు అని కాదు, వంట చేసే అమ్మగారిని అడిగి గీయండి. మా ఇంట్లో మేము గీసిన పటములో మిక్సీ పాయింటు సరిగ్గా నీళ్ళ తొట్టి పైన పడింది! ఆవిడే కొట్టివేసి ఎదుటి గోడకు మార్చారు. తరువాత వాట్లు లెక్క వేయండి. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. అది లైట్ల వైరు మీద ఉండకూడదు. లైట్లు, ఫ్యాన్లు, చిన్న ప్లగ్గులు కలిపి ఒక సర్క్యూటుకు 10 పాయింట్లు, 800 వాట్లు దాటరాదు. వాటికి అంగట్లో 'ఒకటిన్నర వైరు' అని అడిగే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, వంటగది పెద్ద ప్లగ్గులకు 'రెండున్నర', గీజరుకు విడిగా 'నాలుగు' వాడాము. ఐఎస్ఐ గుర్తు లేని వైరు చవకగా వచ్చినా ముట్టుకోవద్దు. ఎరుపు, పసుపు, నీలము ఫేజుకు, నలుపు న్యూట్రలుకు, పచ్చ ఎర్తుకు. చేతికి దొరికిన రంగు లాగితే, పదేండ్ల తరువాత విప్పేవాడి ప్రాణము మీదికి వస్తుంది.

మట్టి, రాయి కలిసిన పాత గోడలో గాడి కొట్టవద్దని మా సలహా. గోడ విచ్చుతుంది, పైగా చెమ్మ చేరుతుంది. పైనుండి కనబడేటట్టు పీవీసీ కేసింగు వేస్తే అందము కొంచెము తగ్గవచ్చును గాని, ఎక్కడ ఏముందో కంటికి కనబడుతుంది. మిద్దె కారే చోటు కింద జాయింటు పెట్టవద్దు.

ఇక ఎర్తు. ఫ్రిజ్ ఒంటికి కరెంటు దిగితే అది మన ఒంటి గుండా పోకుండా భూమికి పోవడానికి దారి ఇది. 40 మిల్లీమీటర్ల జీఐ పైపు, రెండున్నర మీటర్ల పొడవు, గోడకు కనీసము మీటరున్నర దూరములో పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తారు. కుప్పము వైపు రెండడుగులు త్రవ్వితే బండ తగులుతుంది. అప్పుడు పైపు కోయకండి. నిలువు నుండి 30 డిగ్రీలు మించకుండా ఏటవాలుగా పాతవచ్చును, పొడవు మాత్రము తగ్గరాదు. కొన్ని పల్లెల్లో న్యూట్రలు పోయినప్పుడు ఎర్తు వైరునే న్యూట్రలుగా వాడి బల్బు వెలిగించుకుంటారు. ఆ గుంత దగ్గర తడి నేల మీద నడిచే పిల్లలకు, పశువులకు అది ఉరి.

ఎర్తు ఉన్నా మరొకటి కావాలి. ఎంసీబీ వేశాము గనుక భయము లేదని చాలామంది అనుకుంటారు. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. 6 ఆంపియర్ల ఎంసీబీ దిగేలోపల మనిషి ప్రాణము పోతుంది. పాత 15 వాట్ల జీరో బల్బు తీసుకునే కరెంటులో దాదాపు సగము, అంటే 30 మిల్లీ ఆంపియర్లు దాటి కరెంటు ప్రక్కదారి పట్టగానే కనురెప్ప పాటులో దించేసేది ఆర్‌సీసీబీ. వెళ్ళిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానమా కాదా అని అది చూస్తుంది. అందుకే ప్రతి సర్క్యూటుకు న్యూట్రలు విడిగా తిరిగి రావాలి. పాత ఇండ్లలో ప్రక్క గది న్యూట్రలు వాడుకునే అలవాటు వలన అది ఊరకే పడిపోతుంటే, "ఈ పెట్టె మంచిది కాదు" అని పీకి పారవేసినవారిని చూశాము. ద్వితీయోపదేశకాండము 22:8లో మిద్దెకు పిట్టగోడ కట్టమన్న ఆజ్ఞ ఉన్నది గదా. మా మిద్దెకు పిట్టగోడ ఉంది, ఈ పెట్టె మాత్రము ఆ షాకు తరువాతనే వచ్చింది. దాని మీది టెస్టు బటను నెలకొకసారి నొక్కి చూడాలి.

పని జరిగే రోజు మెయిన్ దించినంత మాత్రాన అంతా చచ్చిన తీగ కాదు. స్తంభము నుండి మీటరు దాకా, మీటరు నుండి మెయిన్ దాకా కరెంటు ఉంటూనే ఉంటుంది. అది డిపార్టుమెంటు వారి సొత్తు, సీలు తీయరాదు. మా ప్రాంతములో చాలా చోట్ల తిరుపతి కేంద్రముగా ఉన్న దక్షిణ పంపిణీ సంస్థ వారిది. చేయి పెట్టే ముందు టెస్టరును వెలిగే పాయింటులో పెట్టి, అది పనిచేస్తున్నదని చూసి, తరువాతనే వైరు మీద పెట్టండి. చివర మెగ్గరుతో చూడమనండి. 500 వోల్టుల పరీక్షలో ఒక మెగ్ ఓము కంటే తక్కువ వస్తే కరెంటు ఇవ్వవద్దు.

దండెము గురించి చెప్పక తప్పదు. ఇనుప తీగ ఒక కొస సర్వీసు వైరు ఆనిన ఇనుప పైపుకు, రెండవ కొస వేప చెట్టుకు. ఆ పైపుకు కరెంటు దిగిన రోజు, తడి చీర ఆరవేయబోయిన ఇల్లాలిని లాగివేస్తుంది, విడిపించబోయిన వారినీ లాగుతుంది. ఈ విధముగా ఒకే ఇంట రెండు శవాలను చూసి ప్రార్థన చేయవలసి వచ్చిన దినమున మాకు మాట రాలేదు. ఈ రోజే తీగ తీసి నైలాను తాడు కట్టండి. ఎవరైనా అతుక్కుంటే ముట్టుకోవద్దు, మెయిన్ దించండి. అందకపోతే పొడి కట్టెతో వైరు తోసివేయండి. ఊపిరి లేకపోతే రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. మరొకరు 108కి ఫోను చేయాలి.

మా ఇంటి పాత టేకు పట్టీలు వంట చెరకుకు పనికి వచ్చాయి. పింగాణీ ఫ్యూజులు పిల్లలు ఆటకు పట్టుకుపోయారు. ఎర్తు గుంత ఎండితే లాభము లేదు గనుక, వేసవిలో వారానికి రెండు బిందెల నీళ్ళు అందులో పోయడము మా చిన్నమ్మాయి పని.